తిక్కన పద్యంలో ‘ఉపేక్ష’: సభాసదుల మౌనంపై ఒక పరిశీలన

కీలకపదాలు: తిక్కన, ఉద్యోగపర్వం, శ్రీకృష్ణరాయబారం, వికర్ణుడు, ఉపేక్ష, తటస్థత.

1. ఉపోద్ఘాతం

ధర్మసత్యాలు చెడిపోతున్నప్పుడు సమర్థులు ఊరకుండరాదని ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు కౌరవసభను హెచ్చరించే పద్యం సుప్రసిద్ధం. దీన్ని తరచుగా రాయబారి వాక్చాతుర్యానికి ఉదాహరణగా వ్యాఖ్యానిస్తారు. అయితే ఈ పద్యం దుర్యోధనుని కంటే అతని చుట్టూ మౌనంగా కూర్చున్నవారినే ఎక్కువగా నిలదీస్తుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూలం - తిక్కన మార్పులు

అధర్మం చేత ధర్మం, అసత్యం చేత సత్యం హతమవుతుంటే చూస్తూ ఉన్న సభాసదులూ హతులేనని సంస్కృతమూలం చెబుతుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఇదే భావం న్యాయసభకు వర్తించే నియమంగా ఉంది. తిక్కన ‘సభాసదులు’ అన్నచోట ‘దక్షులు’ అన్నాడు. ‘చూడటం’ అన్నచోట ‘ఉపేక్ష’ అన్నాడు. చూడటం ఒక స్థితి మాత్రమే. ఉపేక్షించడం తెలిసి చేసే పని. మూలశ్లోకంలో లేని దైవాన్ని కూడా చేర్చాడు. ధర్మాన్ని నిలబెట్టడానికి దైవం ఉంది కనుక, చేటు ఉపేక్షించినవారికే.

3. దక్షుడెవరు?

‘దక్షులు’ అనడం వల్ల బలహీనులకు మినహాయింపు దొరికినట్లు కాదా? దీనికి సభాపర్వమే సమాధానం. ద్రౌపది ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి నిర్ణయం తప్పించుకున్నాడు. తన్నోడిన భర్తకు భార్యను ఒడ్డే హక్కుందా అన్నది శాస్త్రపరంగా చిక్కు ప్రశ్నే కావచ్చు. కాని ఒక స్త్రీని జుట్టు పట్టి సభకు ఈడ్చుకురావడం తప్పని చెప్పడానికి శాస్త్రచర్చ అక్కరలేదు. ఆమె పక్షాన నిర్ణయం చెప్పినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. పెద్దలు ఊరకుండగా నీకెందుకన్నట్లు కర్ణుడు అతణ్ణి గద్దించాడు. అతని మాట నెగ్గలేదు. యుద్ధంలో అతడు అన్నపక్షానే పోరాడి భీముని చేతిలో మరణించాడు. తన పక్షంలో ఉంటూనే దాని తప్పును తప్పనవచ్చునని అతని వల్ల తెలుస్తుంది. కాబట్టి దక్షతకు కొలత మాట నెగ్గించుకునే బలం కాదు. ధర్మం తెలియడం, సభలో చోటుండటం.

4. ఉపసంహారం

నిష్పాక్షికత తీర్పుకు ముందు పాటించవలసిన నియమం. తీర్పు తెలిసీ చెప్పకపోవడం ఉపేక్ష. తటస్థత పేరుతో ఈ రెండింటినీ ఒకటిగా చూసే అలవాటు మన విద్యాసంస్థల్లోనూ ఉంది. ఈ పద్యాన్ని కంఠస్థం చేయించి, ఛందస్సు చెప్పి వదిలేస్తే బోధన పూర్తి కాదు. ఆ సభలో నీవుంటే ఏం చెప్పేవాడివని విద్యార్థిని అడగాలి. ముందుగా అధ్యాపకులుగా మనం ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.