శంకుస్థాపనకు ముందే పూలచెట్టుకు ముహూర్తం

తిరువూరు చుట్టుపక్కల పాత పెంకుటిల్లు తీసి డాబా వేద్దామనుకున్న ఇంటికి ముందు వచ్చేది మేస్త్రీ. ఆ వెనక పంచాంగం పట్టుకుని పంతులుగారు, ఆపైన ఇసుక ట్రాక్టరు. పెరట్లో ఏళ్ల తరబడి పూస్తున్న ముద్దమందారం సంగతి మాత్రం జేసీబీ గేటు దగ్గరికొచ్చి ఆగాకే గుర్తొస్తుంది. "అయ్యో, మా అత్తయ్యగారు పెట్టిన చెట్టు బాబూ, కాస్త ఆ మూలకి జరుపు" అంటుంది ఇల్లాలు. డ్రైవరు ఒక్క తోడు తోడి, ఎత్తి, చూపించిన మూలన దించుతాడు. వారానికి ఆకు వేలాడుతుంది. నెలకి మోడు మిగులుతుంది. మన హస్తవాసి మంచిది కాదులే అని సరిపెట్టుకుంటారు.

హస్తవాసికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చెట్టుకి ముందుగా చెప్పకపోవడమే జరిగిన తప్పు. చెట్టుకి చెప్పడమంటే పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకోవడం అనుకునేరు. అదీ మంచిదే, కానీ అసలు సంగతి వేరు కోత. ఇంటికి శంకుస్థాపన ఎప్పుడో తేలగానే, అక్కణ్నుంచి ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టి గడ్డపార పట్టాలి. చెట్టుకి ముహూర్తం అది.

ఎందుకో తెలియాలంటే మట్టిలోకి చూడాలి. లావు వేర్లు చెట్టుని నిలబెడతాయి, నీటిని పైకి మోస్తాయి. పీల్చే పని వాటిది కాదు. నీళ్లు పీల్చేవి వాటి కొసల్లో ఉండే సన్నటి పీచువేర్లు. అవి ఎక్కువగా పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే పరుచుకుంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. కాండానికి అడుగు దూరంలో తవ్వి ఎత్తామంటే వాటిలో చాలా భాగం పాతచోటే ఉండిపోయినట్టే. పైన ఆకులకి ఆ సంగతి తెలియదు, ఎండ తగిలినకొద్దీ నీళ్లు ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. రాబడి ఆగిపోయిన ఇంట్లో ఖర్చు మాత్రం పాత లెక్కనే సాగినట్టు. అందుకే జరిపిన చెట్టు పాదులో బిందెలకొద్దీ నీళ్లున్నా దాహంతోనే చస్తుంది. అది చూసి ఇంకో రెండు బిందెలు పోస్తాం. అప్పుడు ఉన్న నాలుగు వేర్లూ కుళ్లుతాయి.

వేరు కోత ఈ చిక్కుని విప్పుతుంది. చెట్టు మొదలు ఎన్ని అంగుళాల లావుంటే, అంగుళానికి పది పన్నెండు అంగుళాల చొప్పున మట్టిగడ్డ వెడల్పు ఉండాలని తోటపనిలో ఒక లెక్క. మొదలు రెండంగుళాలుంటే గడ్డ రెండడుగులు. మొదట్లో మేకు కొట్టి, దానికి పురికొస కట్టి నేల మీద గుండ్రంగా గీసుకోవాలి. ఈ గీత ఎత్తబోయే గడ్డ అంచుకంటే మూడు నాలుగు అంగుళాలు లోపలికి ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. తెగిన వేరు కొస దగ్గర్నుంచి కొత్త పీచువేర్లు బయటికి వస్తాయి. రేపు ఎత్తేటప్పుడు అవి గడ్డలోనే ఉండాలంటే కోత లోపలే పడాలి.

గీతని నాలుగు భాగాలు చేసి, మొదట ఎదురెదురుగా ఉన్న రెండు భాగాల్లోనే జానెడు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీస్తారు. తగిలిన వేరునల్లా కొమ్మకత్తెరతోనో చిన్న రంపంతోనో నున్నగా కోయాలి. గడ్డపారతో పొడిచి నలగ్గొట్టిన వేరు కొత్త పీచు వేయదు, కుళ్లుతుంది. కందకాన్ని ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, పైమట్టి కలిపి నింపి తడపాలి. మూడు వారాలు పోయాక మిగిలిన రెండు భాగాలకూ అదే పని. మరో మూడు వారాలకి చెట్టు తక్కువ వేర్లతో బతకడం నేర్చుకుని, దగ్గర్లో కొత్త పీచు వేసుకుని, ప్రయాణానికి సిద్ధంగా ఉంటుంది. జపాన్ తోటమాలులు పెద్ద చెట్లకి ఇదే పని ఏడాది ముందు, ఒక్కోసారి రెండేళ్ల ముందు మొదలుపెడతారు. అక్కడ చలికి వేరు నిద్రపోతుంది. మన నేల వెచ్చన, పొదల్లాంటి పూలచెట్లకి ఆరు వారాలు చాలు.

ఇక కాలం. రోహిణికార్తెలో తిరువూరులో కాసే ఎండ గురించి ఊళ్లోవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫాల్గుణం నుంచి మృగశిర దాకా ఏ చెట్టునీ ముట్టకపోవడమే మర్యాద. మంచి కాలాలు రెండు. ఒకటి, తొలకరి పడి నేల చల్లబడ్డాక వచ్చే ఆరుద్ర, పునర్వసు కార్తెలు, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి జూలై మూడో వారం దాకా. ఈ వైపు వానలో పెద్ద వంతు నైరుతిదే కాబట్టి ఆ తర్వాత రెండు మూడు నెలలు గాలిలోనే తేమ ఉంటుంది; ఆకు వదిలే నీరు తగ్గుతుంది. మామిడి అంట్లు పెట్టే రైతులు చూసుకునే అదనూ ఇదే. రెండోది మార్గశిర, పుష్యమాసాలు. చలికి ఎదుగుదల మందగించి, చెట్టు తనంతట తానే కాస్త ఒదిగి ఉండే రోజులు.

మల్లెకి ఈ రెండో కాలమే సరి. ఎందుకో మైలవరం మల్లెతోటల దారి పట్టి చూస్తే అర్థమవుతుంది. చలికాలంలో అక్కడి రైతులు తోటకి తడి ఆపి ఎండగడతారు. ఆకు దూసేస్తారు, కొన్నిచోట్ల గొర్రెల్ని తోలి ఆకు మేపేస్తారు. ఆ తర్వాత కొమ్మ కత్తిరించి, పాదు తిరగేసి, ఎరువు వేసి, తడిచ్చాక చిగురూ మొగ్గా కలిసి వస్తాయి. ఆ ఆకులేని రోజుల్లో పొదకి నీటి ఖర్చు దాదాపు లేదు. పెరటి గుండుమల్లెని జరపాలన్నా ఆ రోజులే పట్టుకోవాలి. మొగ్గ కనిపించాక ముట్టుకుంటే ఆ వేసవికి మల్లెపూలు బజార్లో కొనుక్కోవాల్సిందే.

ఈ కాల నిర్ణయం కొత్తదేమీ కాదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. కొమ్మలింకా వేయని మొక్కల్ని శిశిరంలో, కొమ్మలేసినవాటిని హేమంతంలో, బోదె బలిసినవాటిని వాన మొదట్లో నాటమన్నాడు. హేమంతమంటే మన మార్గశిర పుష్యాలే. శిశిరం మాట మాత్రం మనకి పనికిరాదనుకుంటాను. ఆయన ఉజ్జయిని వైపువాడు; తిరువూరులో మాఘం వెళ్తూనే ఎండ ముదురుతుంది. జరిపే చెట్టుకి మొదలు నుంచి బోదె దాకా నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి పూయాలనీ చెప్పాడు. నెయ్యీ తేనె ఇప్పుడు చెట్టుకి పూసే ధరలో లేవు. బయటపడ్డ వేరు ఒక్క నిమిషం కూడా గాలికి ఆరకూడదన్నది అందులోని అసలు కిటుకు. ఆ పనికి పేడ, బంకమట్టి కలిపిన చిక్కటి ముద్ద చాలు. వాయువిడంగాల చోట ఇవాళ కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి కోసిన వేర్ల మీద పోసుకోవచ్చు.

వరాహమిహిరుడి కంటే సుమారు రెండు వేల ఏళ్ల ముందే ఈజిప్టు రాణి హాత్‌షెప్‌సుత్ పుంట్ దేశం నుంచి సాంబ్రాణి చెట్లను సజీవంగా ఓడల్లో తెప్పించుకుంది. దేర్ ఎల్-బహ్రీలో ఆమె గుడి గోడల మీద ఆ శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి: వేరుతో సహా బుట్టల్లో పెట్టిన చెట్లు, వాటిని కర్రలకి తగిలించి మోస్తున్న మనుషులు. కాండం పట్టుకుని లాగుతున్న వాడు ఆ గోడ మీద ఒక్కడూ లేడు. మన జేసీబీ డ్రైవర్లకి ఆ బొమ్మ ఒకసారి చూపించాలి.

ఎత్తే రోజుకి ముందురోజు పాదు నిండా నీళ్లు పెట్టాలి. చెలక నేలయితే ఆ తడికి మట్టిగడ్డ విరగకుండా నిలుస్తుంది. నల్లరేగడయితే రెండు రోజుల ముందే తడిపి, పాదు జిగట తగ్గాక దిగాలి. కొమ్మల్ని దగ్గరికి లాగి పురికొసతో కట్టేస్తారు. ఇక్కడ ఒక పాత తగాదా ఉంది: వేరు పోయింది కాబట్టి పైన సగం నరికెయ్యాలా? నా మటుకు నేను ఆకు దూయమంటాను, కొమ్మ నరకవద్దంటాను. కొత్త వేరు పుట్టాలన్న కబురు కొమ్మ కొసనున్న చిగుళ్ల నుంచే కిందికి దిగుతుంది, వేరుకి తిండి కూడా మిగిలిన ఆకే వండాలి. ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీసి, ఉన్న ఆకులో సగం దూసి, పూమొగ్గలూ పూలూ అన్నీ తుంచేస్తే చాలు. మొగ్గలు తుంచడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రావు. ఆ ఒక్క పనీ బయటివాళ్లకి అప్పజెప్పండి.

పొద్దు వాలాక చెట్టు నిద్రపోతుంది, ముట్టుకోకూడదంటారు మన పెద్దవాళ్లు. నాటడానికి మేలైన వేళ సాయంత్రమే, రాత్రంతా చెట్టుకి ఎండ లేని విశ్రాంతి దొరుకుతుంది. రెంటికీ పొత్తు కుదిరే దారి ఉంది: మధ్యాహ్నం మూడింటికి తవ్వడం మొదలుపెట్టి, దీపాలవేళకి కొత్త పాదులో నీళ్లు పోసెయ్యడం. గుంత ముందురోజే సిద్ధంగా ఉంటే ఇది కష్టమేం కాదు.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తడిమట్టిగడ్డ తక్కువలో తక్కువ 150 కిలోలు, ఒక్కోసారి 200 కూడా తూగుతుంది. దాని కిందికి గోనెపట్ట జరిపి, నాలుగు కొసలూ పైకి లాగి బిగించి కట్టి, వెదురుబొంగు దూర్చి నలుగురు ఎత్తాలి. పట్టు ఎప్పుడూ గడ్డ మీదే ఉండాలి. ఎత్తేముందు తూర్పువైపు కొమ్మకి ఒక గుడ్డపీలిక కట్టి, కొత్త చోట కూడా ఆ కొమ్మ తూర్పుకే ఉండేలా తిప్పి దించితే, ఇన్నాళ్లూ నీడన పెరిగిన బెరడు పడమటెండకి కాలదు.

కొత్త గుంత వెడల్పు గడ్డకి రెట్టింపు ఉండవచ్చు కానీ లోతు మాత్రం గడ్డంతే ఉండాలి. పాత చోట మొదలు ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతే. గట్టిగా నిలవాలని బెత్తెడు లోతుకి దించితే మొదలు కుళ్లుతుంది. ప్రేమకొద్దీ గుంతలో ఎరువూ కొబ్బరిపీచూ దట్టించే అలవాటు రేగడినేలలో మరీ చేటు. చుట్టూ బంకమట్టి, మధ్యలో మెత్తటి మట్టి ఉంటే వాన నీళ్లన్నీ అందులోకే చేరి నిలుస్తాయి. తవ్విన మట్టినే తిరిగి నింపి, రేగడయితే గడ్డని నేలకంటే నాలుగు వేళ్లు ఎత్తున కూర్చోబెట్టాలి. కాలితో తొక్కకూడదు. నీళ్లు పోస్తే మట్టి దానంతట అదే సర్దుకుంటుంది. గోనెపట్ట అడుగున ఉన్నా చివికిపోతుంది, ప్లాస్టిక్ సంచయితే తీసెయ్యాల్సిందే.

అన్ని పూలచెట్లూ ఇంత సేవకి తగినవి కావు. మందారం, నందివర్ధనం, మల్లె ఈ కష్టానికి ఫలితం చూపిస్తాయి. పారిజాతం పూత అయిపోయాక జరిగితే ఒప్పుకుంటుంది. దేవగన్నేరుకి మట్టిగడ్డే అక్కర్లేదు. కొమ్మ విరిచి, పాలు ఆరేదాకా వారం రోజులు నీడన పడేసి, గుచ్చితే చాలు. గన్నేరూ అంతే, కొమ్మతోనే సరిపెట్టుకోవచ్చు, కాకపోతే దాని పాలు విషం కాబట్టి చేతులు కడుక్కోవాలి. సన్నజాజి తీగని నేలకి వంచి మట్టి కప్పి నేల అంటు కడితే వేరు అదే వేస్తుంది, తల్లితీగని తవ్వే పనే లేదు. కాగితంపూల చెట్టు మొండిదనుకుంటాం గానీ దాని వేరు మహా సుకుమారం. గడ్డ విచ్చిందంటే ఆశ వదులుకోవాల్సిందే. నూరువరహాలు సున్నం పాలెక్కువున్న నల్లనేలకి జరిపితే బతుకుతుంది కానీ ఆకు పసుపుపచ్చబడి ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది. దాన్ని పెద్ద కుండీకి మార్చడం మేలు.

ఇంత తంటాలెందుకు, కడియం మొక్క కొని పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లున్నారు. కడియపులంక నర్సరీల పనితనం తక్కువదేమీ కాదు. నిండుగా పూస్తున్న చెట్టుని లారీలో దేశం ఆ చివరికి పంపగలరు వాళ్లు. కానీ సంచిలో ఏళ్లు గడిపిన మొక్క వేర్లు చోటు చాలక గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. చుట్టలు విప్పకుండా నాటితే నేలలోకి వచ్చాక కూడా అలాగే తిరుగుతూ మొదలుని బిగిస్తాయి. పాత చెట్టు గొప్పతనం దాని జాతిలో ఉందనడం కూడా పూర్తిగా సరికాదు. ముద్దమందారం కొమ్మ గుచ్చితే అచ్చంగా అదే చెట్టు వస్తుంది. జరిపేనాడు తీసిన కొమ్మల్లో నాలుగు గుచ్చుకోవడం ముందుజాగ్రత్త కూడా. మరి జరిపేది దేనికంటే, గడిచిన ఏళ్ల కోసం. రోజూ దేవుడికి బుట్టెడు పూలిచ్చే పొద అవడానికి ఆ కొమ్మకి నాలుగైదేళ్లు పడుతుంది. మైలవరం నుంచి కొత్తగూడెం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి పక్కనా, ఊరి సందుల్లోనూ పెంకుటిళ్లు పోయి, గేటు లోపలంతా సిమెంటు పరుచుకుంటున్న రోజుల్లో ఆ నాలుగైదేళ్లు ఎదురుచూసే పెరడు ఎవరికి మిగిలింది?

నాటాక మొదటి వారం రోజూ తడి, ఆ తర్వాత పుల్ల గుచ్చి చూసి, అడుగున తేమ లేకపోతేనే తడి. మూడువైపులా గుంజలు పాతి వదులుగా కట్టాలి. పడమటివైపు షేడ్‌నెట్ గానీ తాటాకు దడి గానీ నెలరోజులు ఉంచాలి. మొదట్లో వరిగడ్డి పరుస్తాం కదా, ఎర్రనేలలో దానికి చెదలు పడుతుంది. మొదలుకి జానెడు ఎడం ఇవ్వాలి. రెండు నెలలదాకా యూరియా పేరెత్తకూడదు, కోసిన వేరుకి ఆ ఉప్పు మంటే. మందారానికి ఈ నీరసంలో పిండినల్లి ఎక్కుతుంది. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి కడిగితే చాలామటుకు పోతుంది.

పది పదిహేను రోజులకి ఉన్న ఆకు కూడా రాలిపోతే కంగారుపడి పీకెయ్యకండి. కొమ్మని గోటితో గీరి చూడండి. కింద పచ్చగా ఉంటే ఆ చెట్టు ఇంకా పనిలోనే ఉంది. గోధుమరంగు కనిపిస్తే ఒక జానెడు కిందికి దిగి మళ్లీ గీరండి, పచ్చదనం తగిలిన చోటికి కొమ్మ కోసెయ్యండి. మల్లె, నందివర్ధనం, మందారం మొదట్లోంచి కూడా చిగురిస్తాయి. పుష్యంలో జరిపిన చెట్టు వేసవంతా మోడుగా కనిపించినా, మొదలు దగ్గర పచ్చదనం ఉన్నంతకాలం దానికి ఆరుద్ర వెళ్లేదాకా గడువివ్వాలి.