పక్క సీట్లో గురువు

1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. అదే రోజు విశాఖపట్నం మీదా పడ్డాయి. బంగాళాఖాతంలోకి చొరబడిన జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాల పని అది. యుద్ధమంటే ఎక్కడో దూరదేశాల ముచ్చట అనుకున్న గోదావరి జిల్లాల వాళ్లకు, నెత్తిమీది ఆకాశానికీ కాపలా కావాలని ఆ రోజు తెలిసొచ్చింది.

ఎనభై ఏళ్లు గడిచాక, 2022 డిసెంబర్ 29న, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని వైమానిక దళం యుద్ధవిమానాలతో పరీక్షించి చూసింది. అక్కడ రోడ్డులో 4.1 కిలోమీటర్ల మేర అత్యవసర రన్‌వేగా కట్టారు. రాజమండ్రి నుంచి చెన్నై వెళ్లేవాళ్లు దాని మీదుగానే పోతారు. జెట్ యుద్ధవిమానం మనకు అంత దగ్గరికి వచ్చింది.

అది ఎంత వేగంతో పోతుంది, ఎన్ని క్షిపణులు మోస్తుంది అని అందరం అడుగుతాం. నడిపే మనిషి ఎలా తయారవుతాడని అడిగేవాళ్లు తక్కువ. నా మటుకు అసలు విద్య అక్కడే ఉంది. ఆ విద్యకు పెద్ద గురుకులం తెలుగునేల మీదే, హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో ఉంది. అదే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. దానికి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ సాగుతోంది.

మెట్టు మెట్టుగా

క్యాడెట్ మొదట ఎక్కేది జెట్ కాదు, ముందు పంకా తిరిగే పిలాటస్ పీసీ-7. 2013లో వచ్చిన ఈ విమానం మీద లేవడం, దిగడం, గిరికీలు కొడుతూ పడిపోతున్న విమానాన్ని దారికి తేవడం నేర్చుకుంటాడు. తర్వాత యుద్ధవిమానాలకు ఎంపికైనవాళ్లు ఏళ్ల తరబడి వెళ్లింది హకీంపేటకు. అక్కడ వాళ్లకు తొలి జెట్ కిరణ్. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపుదిద్దుకుని, 1964 సెప్టెంబర్ 4న తొలిసారి ఎగిరిన విమానం అది.

కిరణ్‌లో గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు. శిష్యుడి చెయ్యి ఎక్కడ వణికిందో, చూపు ఏ మీటరు దగ్గర ఆగిపోయిందో గురువుకు తెలిసిపోతుంది. చెప్పాపెట్టకుండా థ్రాటిల్ వెనక్కి లాగి, ‘ఇంజన్ ఆగిందనుకో, ఎక్కడ దింపుతావ్?’ అని అడుగుతాడు. విమానం నడపడం వచ్చినంత మాత్రాన అలా అడిగే అర్హత రాదు. నేర్పడం ఎలాగో నేర్చుకోవడానికి చెన్నై దగ్గరి తాంబరంలో వేరే పాఠశాల ఉంది.

జెట్ ఇంజన్ ముందు నుంచి గాలిని పీల్చి, కంప్రెసర్ రెక్కలతో నొక్కి, ఇంధనంతో మండించి, వేడి వాయువును వెనక్కి చిమ్ముతుంది. పోతూ పోతూ ఆ వాయువు టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్ కంప్రెసర్‌ను తిప్పుతుంది. అందుకే థ్రాటిల్ నెట్టగానే బలం రాదు, తిరుగుడు అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. నేలకు దగ్గరగా దిగే వేళ ఆ సెకన్లు ప్రాణంతో సమానం. పాపికొండల్లో లాంచీ నడిపే సరంగు మలుపు మీదికి వచ్చాక చుక్కాని తిప్పడు, ముందే తిప్పుతాడు. కుర్ర పైలట్ మొట్టమొదట పట్టుకోవలసిందీ ఆ ముందుచూపే.

శరీరంతో చేసే సాధన

విమానాన్ని 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండా తిప్పితే పైలట్ బరువు రెండింతలవుతుంది. 75 డిగ్రీల దగ్గర దాదాపు నాలుగింతలు. తొమ్మిదింతలకు చేరితే, ఐదు కిలోల తల 45 కిలోలై మెడ మీద కూర్చుంటుంది. రక్తం కాళ్లలోకి జారుతుంది. ముందు చూపు మసకబారుతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. కాళ్లనూ పొట్టనూ బిగించే జి-సూట్ కొంతవరకే కాపాడుతుంది. మిగతాది మనిషే చెయ్యాలి. తొడలు, పిక్కలు, పొట్ట కండరాలు బిగబట్టి, ఊపిరి బంధించి, మూడేసి సెకన్లకొకసారి చటుక్కున వదిలి పీల్చాలి. ఇదంతా చేస్తూనే శత్రువును వెతకాలి, రేడియోలో మాట్లాడాలి, ఇంధనం చూసుకోవాలి. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో గిర్రున తిప్పే యంత్రంలో కూర్చోబెట్టి దీన్ని సాధన చేయిస్తారు.

విమానాలు జట్టుగా ఎగిరే ఫార్మేషన్‌లో సాధన మరో రకం. పక్క విమానం రెక్క మీది గుర్తులను చూసుకుంటూ, థ్రాటిల్‌ను వెంట్రుకవాసి కదుపుతూ, నాయకుడితో పాటే సాగాలి. అక్కడ పైలట్ తన ప్రాణాన్ని ఇంకొకరి చూపుకు అప్పగిస్తాడు.

అన్నిటికన్నా నేను గౌరవించేది, దిగాక జరిగే డీబ్రీఫింగ్. ఎగిరింది అరగంటైనా గంటైనా, మొదటినుంచి చివరిదాకా తిరిగి చెప్పుకుంటారు. ఎత్తు ఎక్కడ తప్పింది, మలుపు ఎందుకు ఆలస్యమైంది అన్నది దాచకుండా చెప్పాలి. దాచిన పొరపాటు రేపు ఇంకొకరి ప్రాణం తీస్తుంది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకునే మన బడులకూ, ఆఫీసులకూ ఈ అలవాటు ఎంతైనా అవసరం.

ఒక్క మెట్టు లేకపోతే

కిరణ్‌కూ యుద్ధవిమానానికీ మధ్య అధునాతన జెట్ శిక్షణ విమానం కావాలని, వైమానిక దళ ప్రమాదాలను పరిశీలించిన లాఫోంటైన్ కమిటీ 1982లోనే చెప్పింది. అలాంటి శిక్షణ విమానాలైన హాక్‌లకు ఒప్పందం కుదిరింది 2004లో. అవి బీదర్‌లో దళంలో చేరింది 2008లో. ఆ పాతికేళ్లూ కుర్ర పైలట్లు తగిన మెట్టు లేకుండానే, గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో రన్‌వేను తాకే మిగ్-21 యుద్ధవిమానం దాకా వెళ్లాల్సి వచ్చింది. శిక్షణ మీద ఖర్చు వాయిదా వేస్తే మూల్యం ప్రాణాల్లో చెల్లించాలి. అన్ని మెట్లూ ఉన్నా ప్రమాదం పొంచే ఉంటుంది. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి గురువూ శిష్యుడూ ఇద్దరూ మరణించారు. నేర్పడం కూడా ప్రాణం పణంగా పెట్టి చేసే దేశసేవే.

2016 జూన్ 18న దుండిగల్ పరేడ్ మైదానంలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నిలిచారు. 2018లో అవని మిగ్-21ను ఒంటరిగా నడిపింది. ఆ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) తలుపులూ అమ్మాయిలకు తెరుచుకున్నాయి.

గోదావరి డెల్టాలో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలు ఊరూరా ఉన్నారు. ఎన్‌డీఏ ద్వారా ఫ్లయింగ్‌కు వెళ్లాలన్నా కావలసినవి ఆ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీయే. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఇంకా చిన్నవాళ్లకు విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. ఇంజనీరింగ్ సీటు గురించి ఇంట్లో మాట్లాడుకునే రోజున ఈ దారి గురించీ ఒక మాట చెప్పండి. అబ్బాయికే కాదు, అమ్మాయికీ చెప్పండి.