అందలం ఎక్కేదెవరు?

సోమవారం పొద్దున్నే మా పనుల జాబితా, అదే బ్యాక్‌లాగ్ తెరిస్తే సగానికి పైగా పనుల పక్కన ‘పీ-వన్’, అంటే మొట్టమొదటి ప్రాధాన్యం అని ఎర్రగా కనిపించింది. సేల్స్ వాళ్లు అడిగింది పీ-వన్, సపోర్ట్ వాళ్లు అడిగింది పీ-వన్, మేనేజర్‌గారు లిఫ్ట్‌లో చెప్పిందీ పీ-వన్నే. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరని మా నాయనమ్మ అనేది. మా టీమ్‌లో మోసేవాళ్లు ఆరుగురే.

తప్పు నాదే. ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్‌నైన కొత్తలో ఎవరి మనసూ నొప్పించలేక అడిగినవాటన్నిటికీ ‘హై’ అని ముద్ర కొట్టేదాన్ని. స్క్రమ్ అనే పని పద్ధతికి ‘స్క్రమ్ గైడ్’ రాసిన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 2011 కూర్పులో బ్యాక్‌లాగ్ గురించి ‘ప్రయారిటైజ్డ్’ అన్న మాట తీసేసి ‘ఆర్డర్డ్’ అని పెట్టారు. మాటల గారడీ అనుకున్నా. ‘హై’ ఎన్నింటికైనా ఇవ్వొచ్చు, రెండో స్థానం మాత్రం ఒక్కదానికే అని తలబొప్పి కట్టాక తెలిసింది.

మరి వరస ఎలా తేల్చాలి? ఒక చిన్న లెక్క వేద్దాం. పెద్ద పనికి 8 వారాలు పడుతుంది, అది ఆగిన ప్రతి వారం 4 లక్షలు పోతాయి. చిన్న పనికి ఒక్క వారం చాలు, అది ఆగితే వారానికి లక్ష. 4 లక్షలదే ముందు చేద్దామనిపిస్తుంది. అలా చేస్తే చిన్నది 8 వారాలు ఆగి 8 లక్షలు మింగుతుంది. చిన్నది ముందు చేస్తే పెద్దది ఒక్క వారమే ఆగుతుంది, పోయేది 4 లక్షలే. ఆలస్యం ఖరీదును పని పట్టే కాలంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయమని ప్రోడక్ట్ డెవలప్‌మెంట్ నిపుణుడు డాన్ రైనర్ట్‌సెన్ చెప్పేది ఇందుకే. ఆఫీసు ముందు టిఫిన్ బండాయనకు ఇది ఎవరూ నేర్పలేదు. ఆరు పెసరట్ల పార్సిల్ మొదలెట్టే ముందు ఇడ్లీ అడిగినవాణ్ని పంపేస్తాడు.

అయితే ఆలస్యం ఖరీదు అన్ని వారాలూ ఒకేలా ఉండదు. మాది వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్. నెలనెలా జీఎస్టీఆర్-3బీ రిటర్న్ వేసేవాళ్లకు 20వ తేదీ గడువు. వాళ్ల కోసం చేసిన మార్పు 21న చేతికిస్తే పెళ్లయ్యాక బాజాలు తెచ్చినట్టే.

ఈ లక్షలన్నీ అంచనాలే, నిజమే. కానీ అంచనా అడిగితే చాలు, ‘ఎవరు చెప్పారు’ అన్న మాట వెనక్కి పోతుంది.

మొన్న లిఫ్ట్‌లో మేనేజర్‌గారిని అడిగేశా: “మీరు చెప్పిన రిపోర్టు నెల రోజులు ఆగితే ఏం పోతుంది సార్?”

మూడో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా ఆలోచించారు. “ఏమీ పోదులేమ్మా” అంటూ దిగిపోయారు.

ఆ రిపోర్టు ఇప్పుడు 41వ వరసలో ఉంది.