పొనికి కర్రలో పండిన సీతాఫలం

రైలు నమూనాల పిచ్చి ఉన్నవాళ్లు ఏటా కొత్త కేటలాగు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. జర్మనీ మార్‌క్లిన్ ఏ ఇంజను తెస్తుంది, ఇంగ్లండు హార్న్‌బీ ఏ పెట్టె తెస్తుంది అని. అసలు ఇంజనులో 87వ వంతు ఉండే నమూనాలో ఒక్క రివెట్టు తప్పినా ఊరుకోరు. ఆ పట్టింపు నాకు బాగా తెలుసు, నేను నిర్మల్ బొమ్మల మనిషిని. మార్‌క్లిన్ కూడా 1859లో మొదలైంది రేకుతో చేసిన బొమ్మల వంటసామానుతోనే, రైళ్ల జోలికి 1891లో గానీ రాలేదు. నిర్మల్‌కు ఇప్పటికీ రైలు స్టేషను లేదు. అయితేనేం, ఉన్నదాన్ని ఉన్నట్టు చెక్కలో దించే విద్యలో ఈ ఊరు ఎవరికీ తీసిపోదు.

నా బల్ల మీద ఒక సీతాఫలం ఉంది. ఇంటికొచ్చిన వాళ్లు నూటికి తొంభై మంది దాన్ని నొక్కి చూస్తారు, పండిందా లేదా అని. కన్నుకూ కన్నుకూ నడుమ సందు కాస్త విచ్చుకుని లేతపసుపుగా ఉంటుంది. తొడిమ దగ్గర మాత్రం ఇంకా పచ్చిగా బిగుసుకుని ఉంటుంది. ఆదిలాబాద్ అడవుల్లో కాయ తెంపేవాళ్లకు ఆ గుర్తు తెలుసు. బొమ్మ చేసిన పెద్దాయన్ను అడిగితే ఇలా అన్నాడు: "కండ్లు తెర్వని కాయను చెట్టు మీదనే ఉంచుతం గద బిడ్డా. బొమ్మల గూడ తెంపే కాయనే చెయ్యాలె." ఆయన ఉలి పట్టే ముందు బుట్టెడు కాయలు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. అచ్చు చూసి చేయడు, కాయను చూసి చేస్తాడు. అందుకే ఆయన చేతిలో రెండు సీతాఫలాలు ఒకేలా ఉండవు.

బరువు చూడండి, దూదిలా ఉంటుంది. అది పొనికి కర్ర గుణం. మెత్తగా ఉలికి లొంగుతుంది, ఎండితే తేలికబడుతుంది. కర్రను ముక్కలు కోసి తేమ పూర్తిగా పోయేదాకా ఆరబెడతారు. ఇక్కడ తొందరపడితే ఏడాది తిరక్కుండా బొమ్మ పగులుతుంది. ఆకారం చెక్కాక చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు, సందులు పూడ్చేస్తారు. ఆ పైన పల్చటి నూలు గుడ్డను అదే జిగురులో తడిపి ఒళ్లంతా అంటిస్తారు. గుడ్డ ముడత పడకుండా సీతాఫలం కన్ను కన్నుకూ వేలికొనతో అద్దాలి. నేను ప్రయత్నించి మూడు గుడ్డలు పాడుచేశాను. పెద్దాయన కోడలు మాట్లాడుతూనే ఐదు నిమిషాల్లో ముగించింది. ఆ గుడ్డ మీద సుద్ద పూత, ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దడం, ఆ తర్వాతే రంగు. మనం మెచ్చుకునేది పై రంగునే. దాని కింద ఇన్ని పొరలున్నాయని ఎంతమందికి తెలుసు?

చరిత్ర సంగతికొస్తే, నిమ్మనాయుడు ఈ ఊరు కట్టించి నకాశీ పనివాళ్లను పోషించాడని పెద్దలు చెబుతారు. ఊరి పేరు కూడా ఆయన మీదే వచ్చిందంటారు. తర్వాత నిజాం ఏలుబడిలో నిర్మల్ బంగారు రంగు చిత్రాలకు పేరొచ్చింది. 1955లో బొమ్మల పనివాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది.

కొండపల్లి వాళ్లు కోప్పడతారేమో గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాళ్లదీ పొనికే, వాళ్లదీ చింతగింజే. ఏనుగు అంబారీ, తాళ్లెక్కే గీత కార్మికుడు, దశావతారాలు, కథ చెప్పడంలో వాళ్లకు సాటి లేదు. కానీ జామకాయను జామకాయలా, మామిడిని మామిడిలా పళ్లెంలో పెట్టి ఈగను కూడా మోసం చేయాలంటే మాత్రం నిర్మలే.

ఇప్పుడు నా కడుపుమంట చెబుతాను. పోయినేడు ఒక ఎగ్జిబిషన్‌లో నిర్మల్ బోర్డు పెట్టిన దుకాణంలో పండ్ల సెట్టు కొన్నాను. ఇంటికొచ్చి పట్టుకుంటే రాయిలా బరువు. మామిడికి ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి గీత ఉంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటది. గోటితో గీకితే రంగు పెచ్చులా లేచింది, కింద తెల్లటి ప్లాస్టర్. కర్ర లేదు, గుడ్డ లేదు, చింతగింజ లేదు! రోజుకు వందలు పోసే ఆ అచ్చు పక్కన నాలుగు రోజులు కూర్చుని చెక్కిన పండు ఎలా నిలబడుతుంది? నిర్మల్ పేరు పెట్టుకుని నిర్మల్ పొట్టే కొడుతున్నారు. దీన్ని దొంగతనం అనడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

దానికి తోడు కర్ర కరువు. ఒకప్పుడు ఖానాపూర్, కడెం వైపు అడవుల్లో కావలసినంత దొరికిన పొనికి ఇప్పుడు వెతుక్కోవాల్సిన చెట్టయింది. అడవిని కాపాడాల్సిందే, కాదనను. కానీ పొనికి మొక్కలను ఊరి పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద పెంచితే ఎవరికి నష్టం? హరితహారంలో కోట్ల మొక్కలు నాటిన రాష్ట్రానికి ఇది భారమా? అయ్యా, అధికారులారా, ఆ పెద్దాయన పనిముట్లు అటకెక్కకముందే ఒక్క తోట వేయించండి. కొనేవాళ్లూ బేరమాడే ముందు బొమ్మను ఒక్కసారి అరచేతిలో తూచండి, గీత ఉందేమో తిప్పి చూడండి.

మొన్న నిర్మల్ వెళ్లినప్పుడు పెద్దాయన కొడుకు కొత్త పని చూపించాడు. తునికి పండ్లు, ఐదు. ఇంతవరకూ ఏ సెట్టులోనూ లేనివి. తొడిమ చుట్టూ ఉండే రేకలను కూడా విడివిడిగా చెక్కి అతికించాడు. గుడ్డ వేయడం అయింది, సుద్ద పూతతో తెల్లగా నీడలో ఆరుతున్నాయి. రంగు పడడానికి ఇంకో వారం పడుతుంది అన్నాడు. మొదటి సెట్టు నాదేనని చెప్పి, బయానా చేతిలో పెట్టి వచ్చాను.