టైరు ముక్క మీద పాదం గీత

మెక్సికోలోని చిహువావా రాష్ట్రంలో, కాపర్ కాన్యన్ లోయల్లో ఉండే రరామురి తెగవాళ్లు తమ చెప్పులు తామే కోసుకుంటారు. పాత టైరు ముక్క మీద నిలబడి, ఒంటి బరువంతా మోపి, పాదం చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంటే కత్తి నడుస్తుంది. తర్వాత మూడే బెజ్జాలు: బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఒకటి, మడమకు అటూ ఇటూ చెరొకటి. వాటిలోంచి తోలు పట్టీ దూర్చి చీలమండకు బిగిస్తే హువరాచే సిద్ధం.

ఎంత తెలివైన పని! నిలబడితే పాదం పరుచుకుంటుంది, వేళ్లు విచ్చుకుంటాయి. కూర్చుని తీసిన కొలత అందుకే చాలదు. ఈ చెప్పుకు మడమ దగ్గర ఎత్తు లేదు, వేళ్ల దగ్గర ఇరుకు లేదు.

1993లో కొలరాడోలోని లెడ్‌విల్ 100 మైళ్ల పరుగులో 55 ఏళ్ల రరామురి విక్టోరియానో చుర్రో ఇలాంటి చెప్పులతోనే మొదటివాడిగా వచ్చాడు.

కొండదారులకు, పొలం పనికి బేర్‌ఫుట్ బూట్లు, అంటే ఇలాగే మడమ ఎత్తూ వేళ్ల ఇరుకూ లేనివి, కొనేవాళ్లకూ ఇదే దారి. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, నడకకు వేసుకునే మేజోళ్లతోనే కాగితం మీద నిలబడి గీత గీసుకోవాలి. బూటు లోపలి అట్ట తీసి ఆ గీత మీద పరచాలి. చిటికెన వేలి గీత అట్ట దాటి బయటికొస్తే ఆ జత వద్దే వద్దు. వేళ్ల ముందు కాస్త ఖాళీ కూడా ఉండాలి, దిగుడులో పాదం ముందుకు జారుతుంది.