తెరపై సమానులు

నేరపరిశోధక నాటకమును చూచునపుడు హంతకుడెవ్వడన్న కుతూహలముకంటె, పరిశోధకులలో ఎవరి మాట చివరిమాటగా చెల్లుచున్నదో గమనించుటయందే నాకు చిరకాలముగా ఆసక్తి మెండు. ఏలయన, రచయిత లోకమును ఏ దృష్టితో చూచుచున్నాడో ఆ యొక్క విషయమువలననే స్పష్టముగా తెలిసిపోవును.

సీబీఎస్ సంస్థ 1968 మొదలు 1980 వఱకు ప్రసారము చేసిన ‘హవాయీ ఫైవ్-ఓ’, ఏ జాతివారును జనాభాలో సగమైనను లేని ద్వీపములలో నడచిన కథయే యైనను, అందు ఆజ్ఞాపించువాడు జాక్ లార్డ్ ధరించిన మెక్‌గారెట్, ఆ యాజ్ఞను నిర్వహించువారు చిన్ హో, కోనో. చిన్ హో పాత్రధారి కామ్ ఫాంగ్ పూర్వము హొనొలూలూ పోలీసుశాఖలో పదునారేండ్లు ఉద్యోగము చేసినవాడు. అంతటి అనుభవశాలి చెంతనుండగా, కథను అతనిదిగా నడపుట బహు అరుదు. ప్రధాన ప్రతినాయకుడైన చీనీయుడు వో ఫాట్ వేషమునకు చీనా సంతతివాడే కాని కై డీను ఎన్నుకొనిరి.

2010 లో నాటకము పునరుద్ధరింపబడినపుడు, చిన్ హోగా డేనియల్ డే కిమ్, స్త్రీపాత్రగా మార్చబడిన కోనోగా గ్రేస్ పార్క్ ప్రవేశించిరి. బంధువు చేసిన దొంగతనమును తనపై వేసికొని, పోలీసుశాఖలోను స్వజనములోను అపనింద మోయుచున్న చిన్ హోను చూచి నేను నిజముగా సంతోషించితిని. అనుచరుడుగా మాత్రమే మిగిలిన పాత్రకు ఆత్మగౌరవమును, గతమును, వేదనను ప్రసాదించుటకంటె పునర్రచనకు వేఱు సార్థక్యమేమి కలదు?

ఐనను 2017 లో, ఎనిమిదవ విభాగమునకు ముందు, వారిరువురును నిష్క్రమించిరి. శ్వేతజాతీయులైన సహనాయకులు అలెక్స్ ఓలాక్లిన్, స్కాట్ కాన్‌లతో సమానమైన వేతనమును వారు కోరిరనియు, సంస్థ తుదకు ఇవ్వజూపినది నూటికి పది పదునైదు పాళ్లు తక్కువయనియు ‘వెరైటీ’ పత్రిక ప్రకటించెను. గణనీయముగా పెంచుటకు సిద్ధపడితిమని సంస్థ చెప్పుకొనెను. పెంపు వేఱు, సమానత వేఱు. ఏడేండ్లు తెరపై భుజము భుజము కలిపి నిలిచిన నలుగురిలో ఇద్దరి శ్రమకు వెల తగ్గించుటకు కథలో కారణమేదియు నాకు కానరాదు. రచయిత కలము దిద్దిన వంకరను ఒప్పందపత్రము మరల తెచ్చిపెట్టినచో, ఆ కళ సగమే పూర్తియైనదని నా దృఢవిశ్వాసము.

కిమ్ అంతటితో ఆగలేదు. తన నిర్మాణసంస్థ ద్వారా హక్కులు సంపాదించిన ఒక కొరియా నాటకమును తొలుత సీబీఎస్‌కే వినిపించి, అచ్చట తిరస్కృతుడై, దానిని ‘ది గుడ్ డాక్టర్’ పేర ఏబీసీలో 2017 లోనే వెలువరించెను. అందు కథానాయకుడు ఆటిజము గల యువ శస్త్రవైద్యుడు.