మందుకు లొంగని చిట్టెలుక

థాలిడోమైడ్‌ను ఎంత మోతాదులో పట్టించినా చిట్టెలుక చావదు. 1957లో పశ్చిమ జర్మనీ కంపెనీ గ్రూనెంతాల్ ఈ మాత్రను బజారులోకి తెచ్చినప్పుడు, ఇంత నిరపాయమైన నిద్రమందు మరొకటి లేదని చెప్పుకోవడానికి ఆ సంగతి బాగా అక్కరకొచ్చింది. వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులూ వేసుకున్నారు. 1961 నవంబరులో జర్మనీలో అమ్మకం ఆపేశారు గానీ, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. చేతులూ కాళ్లూ ఎదగకుండా పుట్టిన పసివాళ్ల లెక్క ప్రపంచం మొత్తమ్మీద 10 వేలు దాటింది.

అదే మందు మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ మీద పనిచేస్తుందని 1999లో అమెరికా డాక్టర్లు చూపించారు. దాన్ని మెరుగుపరిచి చేసిన లెనాలిడోమైడ్ ఇప్పుడు మైలోమా వైద్యంలో మామూలుగా వాడే మందు. మన హైదరాబాదు నాట్కో కూడా దాని జెనరిక్‌ను తయారు చేస్తుంది. అయితే కొన్నాళ్లు బాగా పనిచేశాక చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. ఎందుకు తిరగబెడుతోందో ల్యాబ్‌లో పట్టుకుందామంటే, ఎలుక మీద అసలు మందే పనిచేయదాయె.

ఈ ముడి విప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. థాలిడోమైడ్ వెళ్లి అతుక్కునేది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కని 2010లో జపాన్ శాస్త్రవేత్త హిరోషి హాండా బృందం కనిపెట్టింది. మందు అతుక్కున్న సెరెబ్లాన్, మైలోమా కణం బతకడానికి కావలసిన ఇకారోస్, అయోలోస్ అనే ప్రోటీన్లను పట్టుకుని ముక్కలు చేయించేస్తుంది. ఎలుకకూ సెరెబ్లాన్ ఉంది. కాకపోతే నాలుగు వందల పైచిలుకు అమైనో ఆమ్లాల ఆ గొలుసులో, మనిషికి వాలీన్ ఉండే ఒక చోట ఎలుకకు ఐసోల్యూసిన్ ఉంది. అది కాస్త లావుపాటిది. తేడా అంతే.

2018లో బోస్టన్‌లోని బెంజమిన్ ఎబర్ట్ బృందం ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చిన ఎలుకల గురించి ప్రచురించింది. వాటి మీద మందు పనిచేసింది. గర్భంతో ఉన్న ఎలుకలకు ఇస్తే పిండాలు నిలవలేదు. థాలిడోమైడ్‌ను గర్భంతో ఉన్న జంతువుల మీద అప్పట్లో సరిగా పరీక్షించనే లేదన్నది వేరే సంగతి. పరీక్షించినా మామూలు చిట్టెలుక నిజం చెప్పి ఉండేది కాదు.

ఆ బృందం అంతటితో ఆగలేదు. ఐదో క్రోమోజోమ్‌లో ముక్క ఊడిపోయి వచ్చే ఒక రకం మజ్జ జబ్బుకు లెనాలిడోమైడ్ బాగా పనిచేస్తుంది. ఆ జబ్బులో ఉన్నట్టే ఒక జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి పోయిన రక్త మూలకణాలను ఈ ఎలుకల్లో తయారు చేసి మందు ఇస్తే, అవి లొంగాయి. వాటిలోనే, పాడైన కణాలను పెరగకుండా ఆపే పి53 జన్యువును కూడా చెడగొడితే మందు పనిచేయలేదు. పి53 చెడిన రోగులకు ఈ మందు అంతగా పనిచేయదని డాక్టర్లు అప్పటికే గమనించారు. కానీ ఆసుపత్రిలో కనిపించేది రెండూ కలిసి ఉండటం వరకే. దాని వల్లే ఇది జరిగిందని చెప్పాలంటే, తక్కినదేదీ ముట్టుకోకుండా ఆ ఒక్కటే మార్చి చూడాలి. మనిషిలో అది కుదరదు.

మందుకు క్యాన్సర్ మొండికేయడం కొత్త కథ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో చేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మందిలో 10 మంది తేరుకున్నారు. ఆ తేరుకోవడం నెలల ముచ్చటే అయింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌కు కణాలు లొంగకుండా పోయే దారుల్లో ఒకటి 1978లో బయటపడింది. మందు ఏ ఎంజైమును అడ్డుకుంటుందో, దాని జన్యువుకు కణం కుప్పలుగా నకళ్లు తీసుకుంటోంది. రాబర్ట్ షిమ్కీ బృందం దీన్ని చూసింది కూడా చిట్టెలుక కణాల్లోనే. అయితే అప్పుడు కణం ఏదో ఒకటి చేసేదాకా కాచుకుని, తర్వాత ఏం చేసిందో వెతకాలి. జన్యువును కోరిన చోట కోసి మార్చే క్రిస్పర్ వచ్చాక వరస తిరగబడింది. ముందు మనమే జన్యువును మార్చి, కణం ఏం చేస్తుందో చూస్తున్నాం.

ఈ పనితనం చూడాలంటే మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ సంస్థకు వెళ్లాలి. అక్కడి జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ 1985లో మిక్ అనే క్యాన్సర్ జన్యువు బి కణాల్లో అదుపు లేకుండా పనిచేసే ఎలుకల వంశాన్ని నిలబెట్టారు. వాటికి దాదాపు తప్పకుండా లింఫోమా వస్తుంది. పద్ధతి ఇదీ. ఈ ఎలుకల రెండు వారాల పిండం కాలేయం నుంచి రక్త మూలకణాలు తీస్తారు. ఏ జన్యువు దగ్గరికి వెళ్లాలో చెప్పే గైడ్ ఆర్‌ఎన్‌ఏను వైరస్‌లో పెట్టి వాటిలోకి ఎక్కిస్తారు. రేడియేషన్‌తో మజ్జ ఖాళీ చేసిన మరో ఎలుకను పట్టుకుని, తోకను వెచ్చబెట్టి, నరం ఉబ్బాక సన్నటి సూదితో ఆ కణాలను ఎక్కిస్తారు. దాత, గ్రహీత ఒకే వంశం కాబట్టి ఒంటికి పడకపోవడమనే బాధ చాలావరకు ఉండదు. కొన్ని వారాల్లో కొత్త రక్తం, దానితోపాటు కొత్త క్యాన్సర్.

2022లో అక్కడి మార్కో హెరాల్డ్, జెమ్మా కెల్లీ బృందాలు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాయి. క్రిస్పర్‌లో డీఎన్‌ఏను కోసే కేస్-9 అనే కత్తెర పదును తీసేసి, జన్యువును మేల్కొలిపే ప్రోటీన్లను దానికి తగిలించారు. అది ఇప్పుడు కోయదు, ఉన్న జన్యువుతోనే ఎక్కువ పని చేయిస్తుంది. మిక్ ఎలుకల్లో ఈ పనిముట్టుతో, కణాన్ని చావనివ్వని బీసీఎల్-2ను పెంచితే, మనుషుల్లో డబుల్ హిట్ అనే పొగరుబోతు లింఫోమా లాంటిదే వచ్చింది. బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్‌కు అది చక్కగా లొంగింది. ఈ మందుకు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. తర్వాత ఆ లింఫోమా కణాల్లో, ఒక్కో కణంలో ఒక్కో జన్యువు చొప్పున, జన్యువులన్నింటినీ మేల్కొలిపి చూశారు. మందు పోసినా మిగిలిన కణాల్లో ఏ గైడ్లు ఉన్నాయో డీఎన్‌ఏ చదివి లెక్కపెట్టారు. అన్నింటికంటే గట్టిగా తేలింది బీసీఎల్-2 దాయాది ఏ1. అన్న కాళ్లు కట్టేస్తే తమ్ముడు కాపలాకు దిగాడన్నమాట.

ఇందులో మోసపోయే చోట్లూ ఉన్నాయి. కేస్-9 డీఎన్‌ఏను కోసిన ప్రతిసారీ పి53 ఉలిక్కిపడుతుంది. పి53 ముందే చెడిన కణాలకు ఆ బాధ ఉండదు కాబట్టి అవి పెరిగిపోతాయి. అది చూసి మందు ప్రభావమనుకుంటే అంతే సంగతులు. ఒకే వంశం, ఒకే తిండి, శుభ్రమైన పంజరంలో బతికే ఎలుక ఎక్కడ, డెబ్బై ఏళ్లు దాటి నాలుగు రకాల మందులు వాడి వచ్చిన రోగి ఎక్కడ? వెనెటోక్లాక్స్ పట్టుకునే చోటే బీసీఎల్-2లో వచ్చే జీ101వీ అనే మార్పును ఎలుక ముందుగా చెప్పలేదు. ఏళ్ల తరబడి ఆ మందు వాడిన రోగుల కణాల్లోనే అది దొరికింది.

నా లెక్కలో ఎలుక జోస్యానికి పనికిరాదు, సాక్ష్యానికి పనికొస్తుంది. ఎలుకల్లో క్యాన్సర్‌ను జయించారన్న వార్త ఇకమీద పేపర్లో కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఆ ఎలుకలో మందు పట్టుకునే ప్రోటీన్ మనిషిదిలా ఉందా? ఆసుపత్రిలో రోగుల దగ్గర కూడా అదే కనిపించిందా? రెండింటికీ జవాబు వార్తలో లేకపోతే, సంబరపడటానికి ఇంకా టైముంది.